తోటలో లైట్ ట్రాప్: రాత్రి చిక్కిన చిమ్మటల లెక్క పద్ధతిగా రాయడం ఎలా

రాత్రంతా తోటలో దీపం వెలిగింది. చీకటి పలచబడే వేళకు వెళ్లి పెట్టె మూత కాస్త పైకెత్తి చూస్తే, గుడ్ల ట్రేల గుంటల్లో చిమ్మటలు ఒదిగి కూర్చుని ఉంటాయి. ఒకటి ఎండుటాకులా ఉంటుంది, ఒకటి బెరడు ముక్కలా, ఇంకొకటి అచ్చం పిట్ట రెట్టలా. ఇన్నేళ్లుగా ఇవన్నీ మన తోటలోనే తిరుగుతున్నా మన కంట పడలేదు. కాసేపట్లో వాటిని వదిలేస్తాం. ఆ తర్వాత మన దగ్గర మిగిలేది నోట్‌బుక్కులో రాసుకున్నదే. అందుకే ఈ వ్యాసంలో ట్రాప్ కట్టడం గురించి కొంత, రాయడం గురించి ఎక్కువ చెబుతాను.

ముందు పేరు సంగతి. చిమ్మట అనగానే చాలామందికి బట్టలు కొరికే పురుగే గుర్తొస్తుంది. కొందరు దీపం పురుగులంటారు, పద్యాల్లో శలభాలంటారు. ప్రపంచంలో ఇప్పటిదాకా శాస్త్రవేత్తలు పేరు పెట్టిన చిమ్మట జాతులు సుమారు 1,60,000. బట్టల జోలికొచ్చేవి అందులో గుప్పెడు. వ్యవసాయంలో 'దీపపు ఎర' అనే మాట కూడా వినే ఉంటారు. అక్కడ పంటకు చేటు చేసే పురుగును పట్టి చంపడమే పని. మనం చేసేది వేరు: పట్టుకుని, చూసి, లెక్క రాసి, ప్రాణంతో వదిలిపెడతాం.

ఈ రాత్రి లెక్కను ఇంకో రాత్రి లెక్కతో పోల్చగలగాలి. కింద చెప్పే ప్రతి అడుగూ దానికోసమే. బ్రిటన్‌లో పెద్ద చిమ్మటల మొత్తం సంఖ్య 1968 నుంచి 2017 లోపు మూడో వంతు తగ్గిందని తేలింది. అలా తేల్చగలిగారంటే కారణం రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రం నడిపే ట్రాపులు. వాటన్నిటిలో ఒకే రకం పెట్టె, ఒకే రకం 200 వాట్ల ఫిలమెంట్ బల్బు. అంతకంటే ఎక్కువ చిమ్మటల్ని లాగే దీపాలు మార్కెట్లోకి వచ్చినా వాళ్లు మార్చలేదు. మార్చి ఉంటే అన్నేళ్ల లెక్కను కలిపి చదవడం కుదిరేది కాదు.

మొదటి అడుగు: ఒక ట్రాప్, ఒక బల్బు ఎంచుకోండి

ట్రాపులన్నిటి సూత్రం ఒకటే. పైన దీపం, దాని కింద గరాటు, గరాటు కింద పెట్టె. లోపలికి జారిన చిమ్మటకు బయటికి దారి సులువుగా దొరకదు. బాగా వాడుకలో ఉన్నవి మూడు. రాబిన్సన్ ట్రాప్ 1950 నాటిది. పెద్ద గుండ్రటి డబ్బా, పైన గరాటు. చిక్కినవి తప్పించుకోవడం దీంట్లో చాలా తక్కువ. స్కిన్నర్ ట్రాప్ చతురస్రపు పెట్టె. పైన రెండు పారదర్శక పలకలు లోపలికి వాలి ఉంటాయి, మధ్యలో సన్నటి సందు ఉంటుంది. ఇందులోంచి కొన్ని తప్పించుకుంటాయి గానీ తయారు చేసుకోవడం సులువు. హీత్ ట్రాప్ చిన్నది. 6 వాట్ల ట్యూబు 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి కరెంటు లేని చోటికీ పట్టుకెళ్లొచ్చు.

కొనలేకపోతే మూతున్న బకెట్, ఒక గరాటు, ఒక దీపం చాలు. గరాటు అడుగు రంధ్రం మూడు వేళ్లు పట్టేంత ఉండాలి, లేకపోతే హాక్ చిమ్మటల్లాంటి (లావాటి ఒళ్లు, పొడుగాటి రెక్కల రకం) పెద్దవి దిగలేవు. బకెట్ అడుగున నీళ్లు పోవడానికి రంధ్రం చేసి దానికి సన్నటి జాలీ అంటించండి. ఇది మర్చిపోతే ఒక్క వాన చాలు, లోపలున్నవన్నీ మునిగిపోతాయి.

దీపానికి అతినీలలోహిత (యూవీ) కాంతి ఉండాలి. వెనకటికి 125 వాట్ల మెర్క్యురీ వేపర్ బల్బులు వాడేవారు. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందం వల్ల మామూలు వెలుతురు కోసం వాటి తయారీకి 2020తో గడువు ముగిసింది. అవి బాగా వేడెక్కుతాయి కూడా, చినుకు పడితే పగులుతాయి. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లకు నేనైతే ఆక్టినిక్ ట్యూబు (యూవీ ఇచ్చే ఒక రకం ట్యూబ్‌లైటు) గానీ యూవీ ఎల్‌ఈడీ గానీ చెబుతాను. ఏదైనా సరే, వెలుగుతున్న దీపం వైపు నేరుగా చూడకండి, దగ్గర పనిచేసేటప్పుడు యూవీని ఆపే కళ్లద్దాలు పెట్టుకోండి. మెయిన్స్ కరెంటు వాడితే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) ఉన్న లైను నుంచే తీసుకోండి, కనెక్షన్లు తడవకుండా కప్పండి.

నేను ఒక సీజన్ మధ్యలో బల్బు మార్చాను. కొత్తది ఎక్కువ వెలుగిస్తుందని సంతోషపడ్డాను. ఆ నెల లెక్క రెట్టింపైంది. చిమ్మటలు నిజంగా పెరిగాయా, బల్బు వల్ల పెరిగాయా అన్నది ఇప్పటికీ చెప్పలేను. ఆ ఏడాది పేజీలు తిప్పినప్పుడల్లా బాధగానే ఉంటుంది. మార్చక తప్పకపోతే మార్చిన తేదీ ఎర్ర ఇంకుతో రాసి, కొన్ని వారాలు ట్రాప్ పెట్టే రాత్రుల్లో ఒకసారి పాతది, తర్వాతిసారి కొత్తది మార్చి మార్చి పెట్టి చూడండి.

రెండో అడుగు: చోటు, రాత్రి

చిమ్మటలు దీపం దగ్గరికి ఎందుకొస్తాయన్నది చాలా కాలం తేలని ప్రశ్న. 2024లో అచ్చయిన ఒక పరిశోధనలో హైస్పీడ్ కెమెరాలతో చూస్తే తేలింది ఏమిటంటే, రాత్రి ఎగిరే పురుగులు వీపును వెలుతురు వైపు తిప్పుకుంటాయి. మామూలుగా రాత్రిళ్లు ఆకాశమే నేల కంటే వెలుగ్గా ఉంటుంది కాబట్టి ఏది పై వైపో వాటికి అలా తెలుస్తుంది. దీపం పక్కనుంటే ఆ లెక్క తప్పి దాని చుట్టూనే తిరుగుతాయి, కొన్ని తలకిందులై పడిపోతాయి. ఈ సంగతి మనకు పనికొస్తుంది. అవి నేరుగా గరాటులోకి రావు, చుట్టూ తిరిగి ఎక్కడంటే అక్కడ రాలతాయి. అందుకే దీపం చుట్టూ నిలువుగా మూడు నాలుగు పారదర్శక పలకలు పెడతారు, తగిలి కిందికి జారడానికి. ట్రాప్ కింద తెల్లటి దుప్పటి పరవడం కూడా ఇందుకే.

మొక్కలు గుబురుగా ఉన్న వైపు, వీధి దీపం పడని చోట, గాలి తగలని మూల చూసుకోండి. పొద్దున ఎండ నేరుగా ట్రాప్ మీద పడకూడదు. మూసిన పెట్టె అరగంటలో వేడెక్కిపోతుంది, లోపలివి చచ్చిపోతాయి. వెలుతురు పక్కింటి కిటికీలో పడుతుందేమో కూడా చూసుకుని, ముందే వాళ్లకో మాట చెప్పండి. చీమలుంటే ట్రాప్‌ను స్టూలు మీద పెట్టి, స్టూలు కాళ్లను నీళ్ల గిన్నెల్లో ఉంచండి. చోటు కుదిరాక అక్కడో గుర్తు పెట్టుకుని ప్రతిసారీ అక్కడే పెట్టండి.

వెచ్చగా, మబ్బుగా, గాలి లేకుండా ఉన్న రాత్రి ఎక్కువ వస్తాయి. పున్నమి రోజుల్లో తగ్గుతాయి. అలాగని మంచి రాత్రులు ఏరుకుని ట్రాప్ పెడితే లెక్క మంచి రాత్రులదే అవుతుంది. వారానికి ఒక రోజు ఖాయం చేసుకోవడం నయం. శుక్రవారమైతే ప్రతి శుక్రవారం, పున్నమైనా చలైనా. గట్టి వానో ఈదురుగాలో ఉంటేనే మరుసటి రాత్రికి జరపండి. రోజూ పెట్టడం మాత్రం వద్దు. నిన్న వదిలినవే మళ్లీ చిక్కుతాయి, లెక్క ఉబ్బుతుంది, వాటికీ తిండికీ జతకీ సమయం దొరకదు.

మూడో అడుగు: దీపం వేయకముందే సగం పేజీ నింపండి

చాలామంది పొద్దున నోట్‌బుక్కు తెరుస్తారు. అప్పటికి రాత్రి మబ్బుందో లేదో గుర్తుండదు. కాబట్టి సాయంత్రమే పేజీ పైభాగం రాసేయండి: తేదీ, చోటు, ట్రాప్ రకం, బల్బు రకం, వాట్లు, దీపం వేసిన టైము, అప్పటి ఉష్ణోగ్రత, మబ్బు ఎంత, గాలి ఎలా ఉంది, చంద్రుడు ఏ దశలో ఉన్నాడు. పొద్దున దీపం ఆర్పిన టైము, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత, వాన పడిందా లేదా అన్నవి చేర్చాలి. కనిష్ఠాన్ని పట్టి ఉంచే థర్మామీటరు ఒకటి ట్రాప్ దగ్గర నీడలో వేలాడదీస్తే సరిపోతుంది.

తేదీ దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. దీపం 14న సాయంత్రం వేశాం, చిమ్మటల్ని 15న పొద్దున చూశాం. మరి ఏ తేదీ? ట్రాప్ పెట్టిన సాయంత్రపు తేదీ రాయడమే ఆనవాయితీ. సందేహానికి తావు లేకుండా నేను '14/15 రాత్రి' అని రెండూ రాస్తాను. ఫోన్లో తీసిన ఫొటోల మీద 15 అనే పడుతుంది. ఐనాచురలిస్ట్ (చూసిన జీవుల ఫొటోలు ఎవరైనా పంచుకునే వెబ్‌సైటు) లాంటి చోట ఎక్కించినప్పుడు ఆ తేదీనే తీసుకుంటుంది. అక్కడ వివరాల్లో 'ముందు రాత్రి ట్రాప్‌లో చిక్కింది' అని రాస్తే తర్వాత రెండు లెక్కలూ పోల్చుకునేటప్పుడు తికమక ఉండదు.

ఇక పెట్టెలో గుడ్ల ట్రేలు నిలువుగా, కాస్త వదులుగా సర్దండి. ఒక్కో ట్రే అంచున 1, 2, 3 అని నంబరు వేసుకోండి. ఎందుకో ఇప్పుడే చెబుతాను.

నాలుగో అడుగు: తెల్లవారుజామున

సూర్యుడు రాకముందే లేవాలి. ఇందులో రాజీ లేదు. పిట్టలు చాలా తెలివైనవి. రెండు మూడు సార్లు ట్రాప్ చూశాయంటే మనకంటే ముందే వచ్చి కూర్చుంటాయి. నేను ఒకరోజు ఆలస్యంగా వెళ్లేసరికి దుప్పటి మీద రెక్కలే మిగిలాయి: లేత ఆకుపచ్చ రెక్క ఒకటి, అంచు చిరిగిన గోధుమ రంగువి నాలుగు. ఆ ఆకుపచ్చది ఏ చిమ్మటదో తెలుసుకునే దారి లేకపోయింది. బల్లులు, కప్పలు, సాలీళ్లు కూడా తమ వాటా తీసుకుంటాయి.

మూత తీయాలని చేతులు లాగుతాయి. ఆగండి. ముందు ట్రాప్ చుట్టూ చూడాలి. దుప్పటి మీద, దుప్పటి మడతల కింద, దగ్గరి గోడ మీద, ఆకుల వెనక, గడ్డిలో. అడుగు తీసి వేసేముందు ఎక్కడ వేస్తున్నారో చూసుకోండి. బయట దొరికినవి 'బయట' అని విడిగా రాయండి. ఆ తర్వాతే దీపం ఆర్పి, గరాటు మీద, పలకల మీద ఉన్నవి చూసి, మూత తీయండి. రాత్రి కందిరీగలు కూడా లోపల చేరతాయి, కాబట్టి చేయి పెట్టేముందు లోపలికి తొంగి చూడడం అలవాటు చేసుకోండి.

ట్రే ఒక్కొక్కటే తీయాలి, గాజు గ్లాసుల గూట్లోంచి ఒక గ్లాసు తీసినంత మెల్లగా. రెండు అంచులూ పట్టుకుని నిటారుగా పైకెత్తండి, తిప్పి రెండో వైపు కూడా చూడండి. ట్రేకు నంబరు ఉంటే 'ట్రే 3, పై వరుస' అని రాసుకోవచ్చు, ఫొటోను దానికి జత చేయొచ్చు, ఏది చూశామో ఏది చూడలేదో తెలుస్తుంది.

హాక్ చిమ్మట ఉన్న ట్రే తీసినప్పుడు ఒకటి గమనించండి. మొదట కదలదు. తర్వాత రెక్కలు సన్నగా వణకడం మొదలవుతుంది, కంటికి మసకగా కనిపించేంత వేగంగా. ట్రే పట్టుకున్న వేళ్లకు ఆ వణుకు తెలుస్తుంది. అది భయం వల్ల వచ్చే వణుకు అనుకుంటాం. నిజానికి ఎగరడానికి కావాల్సిన వేడి కోసం రొమ్ము కండరాలను అది అలా వెచ్చబరుచుకుంటోంది. అంటే మీకు కొద్దిసేపే ఉంది. ముందు దాన్ని చూసి, ఫొటో తీసి, రాసేయండి. మిగతావి ఆగుతాయి.

వేళ్లతో రెక్కలు పట్టుకోవద్దు. రెక్క మీద పొడిలా కనిపించేవి పొలుసులు, ఒకసారి రాలితే మళ్లీ రావు. గుర్తు కూడా ఆ పొలుసుల రంగుల్లోనే ఉంటుంది. పారదర్శక డబ్బీని చిమ్మట మీద బోర్లించి, కింద నుంచి మూత జారించండి. ఒక్కో డబ్బీకి ఒక్కటే. ఒళ్లంతా దట్టంగా నూగున్న వాటిని ఒట్టి చేతులతో తాకకండి. కొన్ని జాతుల నూగు చర్మానికి పడదు.

ఐదో అడుగు: చూసి గుర్తుపట్టడం

ముందు అది చిమ్మటేనా? ట్రాప్‌కు పెంకు పురుగులు, రసం పీల్చే పురుగులు, అల్లిక రెక్కల పురుగులు అన్నీ వస్తాయి. కొత్తవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేవి కాడిస్ ఈగలు. ఇంటి కప్పులా రెక్కలు వాల్చి గోధుమ రంగులో కూర్చుంటాయి, చూడ్డానికి చిమ్మటే. దగ్గరగా చూస్తే వాటి రెక్కల మీద పొలుసులు ఉండవు, వెంట్రుకలుంటాయి. సన్నటి పొడుగాటి మీసాలు ముందుకు చాచి ఉంటాయి. చుట్టలా చుట్టుకునే తొండం ఉండదు.

చిమ్మటే అని తేలాక రంగు కంటే ముందు కూర్చున్న తీరు చూడండి. రెక్కలు నేలకు అంటించి నాలుగూ పరిచిందా? జియోమెట్రిడే కుటుంబం కావచ్చు. జెట్ విమానంలా వెనక్కి వాలిన సన్నటి ముందు రెక్కలా? హాక్ చిమ్మట, స్ఫింగిడే. ఇంటి కప్పులా వాల్చి, బొద్దుగా, ముందు రెక్క మీద గుండ్రటి మచ్చ ఒకటీ కిడ్నీ ఆకారపు మచ్చ ఒకటీ ఉన్నాయా? నాక్టుయిడే దగ్గర వెతకండి. ఇంగ్లీషు అక్షరం టీ లా సన్నగా నిలబడిందా? ప్లూమ్ చిమ్మట. ముందుకు ముక్కులా పొడుచుకొచ్చి, సన్నగా త్రికోణంలా ఉంటే క్రాంబిడే చూడొచ్చు. ఇవన్నీ వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవే, ప్రతి కుటుంబంలోనూ దారి తప్పించేవి ఉంటాయి.

తర్వాత కొలత. బతికున్న చిమ్మట రెక్కలు చాచి కూర్చోదు కాబట్టి రెక్కల వెడల్పు కొలవలేం. భుజం దగ్గర నుంచి కొస దాకా ముందు రెక్క పొడవు మిల్లీమీటర్లలో రాయండి. డబ్బీ కింద స్కేలు పెట్టి ఫొటో తీస్తే చాలు. ఫొటో తిన్నగా పైనుంచి తీయాలి, ఇంకొకటి పక్క నుంచి. మీసాలు కూడా పడేలా చూడండి. చాలా జాతుల్లో మగవాటి మీసాలు దువ్వెనలా, ఈకలా ఉంటాయి, ఆడవాటివి దారంలా. మరీ చురుగ్గా ఉంటే డబ్బీతో సహా ఫ్రిజ్‌లో పది నిమిషాలు ఉంచితే నెమ్మదిస్తుంది. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు.

రంగు తేడా ఉంటే అదీ రాయండి. తెల్లటి రెక్కల మీద నల్ల చుక్కలుండే పెప్పర్డ్ చిమ్మట సంగతి పాఠాల్లో చదివే ఉంటారు. పొగ పట్టిన మాంచెస్టర్‌లో 1848లో నల్ల రకం కనిపించిందని మనకు తెలుసంటే, అప్పట్లో ఎవరో ఆ ఒక్క తేడాను పట్టించుకుని గుర్తు పెట్టబట్టే.

ఆరో అడుగు: రాయడం

ఒక వరుసలో ఇవి ఉండాలి: జాతి శాస్త్రీయ నామం, ఎన్ని, ఆడా మగా తెలిస్తే అది, ముందు రెక్క పొడవు, ఎక్కడ దొరికింది, ఫొటో నంబరు, గుర్తింపు మీద నమ్మకం ఎంత. ఉదాహరణకు: 'డాఫ్నిస్ నెరియై, 1, ట్రే 3, ఫొటో 0714-08, ఖాయం'. స్థానిక పేరు పక్కన రాసుకోవచ్చు గానీ దాని మీదే ఆధారపడొద్దు. మన భాషలో పేరున్నవి ఎక్కువగా పంటకు చేటు చేసేవే, అదీ గొంగళి పురుగు దశకు పెట్టిన పేర్లు. శనగపచ్చ పురుగు అంటే రైతుకు పచ్చటి పురుగు. ట్రాప్‌కు వచ్చే హెలికోవెర్పా ఆర్మిజెరా చిమ్మట అదేనని పేరు చూస్తే తోచదు.

'చాలా', 'కొన్ని' అని రాయకండి. మొదటి ఏడాది నేను అలాగే రాశాను. ఇప్పుడు చూస్తే 'చాలా' అంటే పన్నెండో, నూట ఇరవయ్యో తెలియడం లేదు. నాలుగు గీతలు గీసి ఐదోది అడ్డంగా కొట్టే పద్ధతి చాలా హాయి. ఒకే చిన్న రకం వందల్లో వస్తే రెండు ట్రేల మీద లెక్కపెట్టి, ఒక్కో ట్రేకు సగటు తీసి, దాన్ని మొత్తం ట్రేల సంఖ్యతో గుణించండి, ముందు 'సుమారు' అని చేర్చండి. చేతులు ఖాళీ లేకపోతే ఫోన్లో వాయిస్ రికార్డ్ చేసి, ఆ పూటే కాగితం మీదికి ఎక్కించండి. రేపటికి వాయిదా వేస్తే సగం అర్థం కావు.

పేరు తెలియనివి ఎప్పుడూ ఉంటాయి. శరీర భాగాలు మైక్రోస్కోప్ కింద చూస్తే గానీ విడదీయలేని జంట జాతులూ ఉన్నాయి. అలాంటప్పుడు జెనస్ (దగ్గరి జాతుల గుంపు పేరు) వరకే రాసి ఆగిపోవడం నిజాయితీ. అది కూడా తెలియకపోతే 'గుర్తించని రకం అ, 2, 11 మి.మీ., ఫొటో ఉంది' అని రాయండి. ఏడాది తర్వాత ఎవరో దాన్ని గుర్తుపడతారు, అప్పుడు వెనక్కి వెళ్లి ఆ వరుస దిద్దొచ్చు. పుస్తకంలో బొమ్మకు దగ్గరగా ఉందని ఊహించి రాసిన పేరును మాత్రం తర్వాత ఎవరూ అనుమానించరు, అలాగే ఉండిపోతుంది. ఆ బొమ్మ పుస్తకం ఏ ప్రాంతానిదో కూడా చూసుకోండి. వేరే ఖండంలో ఉండే జాతి పేరు మన నోట్‌బుక్కులోకి ఇలాగే దూరుతుంది.

ఒక్కటీ రాని రాత్రి కూడా ఉంటుంది. పేజీ పైభాగం నింపి, కింద '0' వేయండి. ఆ సున్నా లేకపోతే ఆ రాత్రి ట్రాప్ పెట్టలేదా, పెట్టినా రాలేదా అన్నది పదేళ్ల తర్వాత ఎవరికీ తెలియదు.

వారానికోసారి కూర్చుని కంప్యూటర్లో స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించండి. ఒక జాతికి, ఒక రాత్రికి ఒక వరుస. వాతావరణం, బల్బు వివరాలు ప్రతి వరుసలో మళ్లీ వచ్చినా ఫర్వాలేదు. అలా ఉంటేనే తర్వాత వడపోయడం సులువు. కాగితం నోట్‌బుక్కు పారేయకండి.

చివరి అడుగు: వదిలిపెట్టడం

చూడడం అయిపోయాక ట్రేలను గడ్డి మీద దులపొద్దు, పిట్టలకు భోజనం పెట్టినట్టే అవుతుంది. గుబురు పొద లోపలికి, ఆకుల చాటుకు ఒక్కొక్కటిగా దించండి. ప్రతిసారీ ఒకే పొద వాడకండి. పిట్టలు ఎక్కువగా తిరుగుతుంటే డబ్బీలను చల్లటి నీడలో ఉంచి, సాయంత్రం చీకటి పడ్డాక వదలడం మంచిది. అట్లాస్ చిమ్మట కుటుంబానికి చెందిన పెద్ద పట్టు చిమ్మటల్ని మాత్రం ఆ రోజు దాటనివ్వకండి. పెద్దయ్యాక వాటికి పనిచేసే నోరు ఉండదు, తినవు, గొంగళి దశలో దాచుకున్న కొవ్వు మీదే కొద్ది రోజులు బతుకుతాయి. ఆ కొద్ది రోజుల్లోనే జత వెతుక్కోవాలి. వాటికి ఒక రాత్రి అంటే చాలా.

ఖాళీ ట్రేలు మళ్లీ పెట్టెలో సర్దేముందు గుంటల అడుగులు ఒకసారి వెలుతురులో చూడండి. ఆడ చిమ్మటలు కొన్ని రాత్రిపూట అక్కడే గుడ్లు పెట్టేస్తాయి, ఆవగింజ కంటే చిన్నవి, వరుసలు తీరి. అలా కనిపిస్తే ఆ ట్రే ముక్క కత్తిరించి, వాన తగలకుండా పొదలో ఒక కొమ్మకు గుచ్చి, ఆ రాత్రి పేజీ చివర 'ట్రే 5లో గుడ్లు, సుమారు 40, పొదలో పెట్టాను' అని రాయండి.